ఎనిమిది గంటల రక్తం

ముప్పై ఒక్కమందిని చంపింది మీరే. లైసెన్సు కమిటీలో ఏడు కుర్చీలు వేయించుకుని, ఏడు నీళ్ళ సీసాలు పెట్టించుకుని కూర్చున్నారే, మీరే. విషం కలిపింది విదేశీ ముఠా కావచ్చు. గ్లాసు అందించింది మాత్రం మీ చేతులు. ఆ పద్నాలుగు చేతుల్లో ఒక్కటి, ఒక్కసారి, ఒక్క ట్యూబుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఉంటే ఈ కథ రాయాల్సిన పనే లేదు. ఎత్తలేదు. చచ్చిపోయినవాళ్ళు లావుగా ఉన్నారు గదా. లావుగా ఉన్నవాళ్ళు చస్తే కారణం వెతకనక్కర్లేదని మీకెవరో నేర్పారు. "మరణకారణం: అధిక బరువు" అని గడి నింపి కాఫీకి లేచారు.

అలాంటి కాగితాలు ముప్పై ఒకటి దారంతో కట్టి, ఒక సోమవారం పొద్దున చీఫ్ తన బల్ల మీద పెట్టుకున్నాడు. ఎదురుగా నిలబడ్డ మనిషిని పైనుంచి కిందికి చూశాడు.

"నీ బరువెంత?"

"ఎగతాళా సార్?"

"అర్హత. వంద దాటితేనే అక్కడ లోపలికి రానిస్తారు. మన ఏజెంట్లందరూ అరవై అయిదు."

"నూట పద్దెనిమిది."

"దేశానికి ఇన్నాళ్ళకి పనికొచ్చావు. కూర్చో."

రహస్య విభాగంలో ఆ మనిషి కోడ్ పేరు గుమాస్తా. ఇంట్లోవాళ్ళకి అతను నిజంగానే గుమాస్తా, తూనికలు కొలతల శాఖలో. తమ్ముడికి ఆ ఉద్యోగం ఎవరిచ్చారో గాని మంచి వేళాకోళం చేశారని వాళ్ళక్క ఇరవై ఏళ్ళుగా నవ్వుతూనే ఉంది. ఒకప్పుడు మూడు సరిహద్దులు దొంగచాటుగా దాటిన మనిషి. మోకాలు పోయింది, పొట్ట వచ్చింది. విభాగం అతన్ని తీసుకెళ్ళి ఫైళ్ళ గదిలో పడేసింది. అక్కడే తొమ్మిదేళ్ళు దుమ్ము తిన్నాడు.

చీఫ్ చెప్పిన సంగతి ఇది. ఒక విదేశీ ముఠా క్లినిక్ ముసుగులో దిగింది. బరువు తగ్గించే ఇంజెక్షన్ తయారుచేసింది. నాలుగు వందల మంది వాలంటీర్ల మీద ఎనిమిది నెలలుగా ట్రయల్ నడుపుతోంది. బరువు తగ్గుతోంది, అబద్ధం కాదు. దానితోపాటు ముప్పై ఒక్కమంది పోయారు. అందరిదీ ఒకటే వరస. ముందు కాలు వాచింది, తర్వాత ఆయాసం, తర్వాత లేరు. కాల్లో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. కాని రిపోర్టులు చూస్తే కడిగిన ముత్యాలు. మందు వేసుకున్నాక రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గిందని లెక్కలు చూపిస్తున్నాయి. కమిటీ మూడు వారాల్లో సంతకం పెడుతుంది. నలభై వేల పెట్టెల మందు అప్పటికే రేవులో దిగి ఉంది.

"లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఉంది. ట్రయల్ కోఆర్డినేటర్. కోడ్ పేరు నెమలి. మన మనిషే. వాళ్ళ మనిషి కూడా. ఏ రోజు ఎవరి మనిషో మనమే కనిపెట్టుకోవాలి."

చివరగా చీఫ్ ఇంకో కాగితం జరిపాడు. వాలంటీర్ల జాబితా. పదిహేడో నంబరు దగ్గర గుమాస్తా వేలు ఆగిపోయింది. అక్క.

చీఫ్ గొంతు సవరించుకుని రూల్ చెప్పాడు. ఇంట్లోవాళ్ళకి ఒక్క ముక్క పొక్కినా ఆపరేషన్ రద్దు. ముఠా ఆ రాత్రికే సర్దుకుని ఇంకో దేశం వెళ్ళిపోతుంది, అక్కడ ఇంకో నాలుగు వందల మంది. గుమాస్తా తల ఊపాడు. నోట్లో ఏదో కుళ్ళిన రుచి. మూడు వారాలు అది పోలేదు.

*

విభాగం వర్క్‌షాప్ వాళ్ళు అతనికి ఒక పొట్ట ఇచ్చారు. సిలికోన్‌తో చేసింది. అసలు పొట్ట మీద బెల్టులా కట్టుకోవాలి. లోపల డ్రై ఐస్ నింపిన పెట్టె, అందులో ఎనభై చిన్న ట్యూబులు పడతాయి. చొక్కా గుండీలో కెమెరా కూడా పెట్టారు గాని, రెండు పొట్టల మీద చొక్కా బిగించేసరికి ఆ గుండీ తెగి వర్క్‌షాప్ ఇంజనీరు కళ్ళజోడుకి తగిలింది. కెమెరా వద్దనుకున్నారు.

మారువేషం అక్కర్లేకపోయింది. లావుపాటి మనిషిని ఎవరూ మొహం చూడరు. గేటు దగ్గర కాపలావాడు కూడా పొట్ట చూసి పంపేశాడు. హాలు చల్లగా, తెల్లగా ఉంది. గోడల నిండా నడుములు లేని ఆడవాళ్ళ బొమ్మలు. రిజిస్ట్రేషన్ పిల్ల అతనికి చేతుల కుర్చీ చూపించింది. అది పట్టదని ఇద్దరికీ తెలుసు. పట్టక లేచి నిలబడితే పక్కనున్న నర్సుని మోచేత్తో పొడిచి నవ్వింది. వచ్చే ప్రతివాడికీ ఆ కుర్చీయే చూపిస్తోందని గుమాస్తాకి పది నిమిషాలు చూశాక అర్థమయింది. అదొక ఆట. జీతం తీసుకుని ఆడే ఆట.

కోఆర్డినేటర్ వచ్చింది. ఎత్తు మడమల చెప్పులు, నీలిరంగు సిల్కు బట్టలు, నడుం పిడికిట్లో పట్టేంత. హాలంతా తలతిప్పి చూసింది. ఆవిడ అతని ఫైలు తిరగేస్తూ మెల్లగా అడిగింది.

"మీ చెప్పుల సైజెంత?"

"వంగి చూసి అయిదేళ్ళయింది."

కోడ్ సరిపోయింది. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు అందంగా ఉంది. కళ్ళు మాత్రం అతని పొట్ట మీదే ఉన్నాయి, చెత్తబుట్టని చూసినట్టు.

తర్వాతి విడతకి చేరిన కొత్తవాళ్ళకి మొదటి మూడు వారాలూ ఇంజెక్షన్ లేదు, ఒట్టి పరీక్షలే. పరగడుపున ఉదయం ఎనిమిదింటికి రక్తం ఇవ్వాలి. నీలం మూత ట్యూబులో తీశారు. లేబుల్ మీద నంబరు, తేదీ, "8:00" అని రాశారు. అంతా పద్ధతిగానే ఉంది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

దొరికింది అక్క నోట్లోంచి. రెండో వారంలో ఒక మధ్యాహ్నం అతను క్లినిక్‌లోనే ఉన్నాడు, తూకానికి రమ్మంటే. ఎదురుగా అక్క వస్తోంది. స్కూలు యూనిఫాంలు కుట్టే మనిషి, రోజంతా మిషన్ ముందే. ఎనిమిది నెలల్లో పద్దెనిమిది కిలోలు తగ్గింది. తమ్ముణ్ణి అక్కడ చూసి మురిసిపోయింది.

"చివరికి దారికొచ్చావన్నమాట. ఏ పూట రమ్మన్నారు నిన్ను?"

"పొద్దున్నే. ఎనిమిదింటికి. ఏమీ తినకుండా."

"కొత్తవాళ్ళకి అంతేరా. మందు మొదలయ్యాక మర్యాద చూడు. ఒంటిగంటకి భోజనం పెడతారు, వేపుళ్ళు, మీగడ వేసిన తీపి, అన్నీ. మూడింటికి రక్తం తీస్తారు. మా అత్తారింట్లో కూడా నాకింత మర్యాద జరగలేదు."

మందు వేసుకున్నవాళ్ళకి నీరసంగా ఉంటుంది, పొద్దున్నే పరగడుపున రమ్మనడం పాపమని కోఆర్డినేటర్ మేడమ్ ఏర్పాటు చేశారట. నిజం చెప్పాలంటే గుమాస్తాకి కూడా అది మంచితనంగానే తోచింది. అంత తెలివైన ఏజెంటు. అక్క కూర్చుని ఎడమ పిక్క పిసుక్కుంటోంది. మిషన్ తొక్కీ తొక్కీ అంది. కొవ్వు కరిగేటప్పుడు పిక్కలు లాగుతాయని మేడమే చెప్పారట.

*

చీఫ్ కలవమన్న పెద్ద డాక్టర్ పశువుల ఆసుపత్రి వెనక గదిలో ఉంటుంది. ముప్పై ఏళ్ళు రక్తం మీద పరిశోధన చేసిన మనిషి. ఊబకాయం, ఇన్సులిన్, రక్తపు గడ్డ, ఈ మూడింటి మధ్య ముడి ఎక్కడుందో వెతికిన మనిషి. ముఠా మందు మీద మొదట అనుమానం రాసింది ఆవిడే. రాసిన నెలకి ఆవిడ ల్యాబుకి తాళం పడింది. వెటర్నరీ డాక్టరు పాత శిష్యుడు, ఒక గదీ, రక్తం గిరగిరా తిప్పి విడదీసే సెంట్రిఫ్యూజు ఒకటీ ఇచ్చాడు. గోడ అవతల గేదెలు, ఇవతల ఆవిడ.

గుమాస్తా అక్క చెప్పింది చెప్పాడు. మంచి ఏర్పాటే గదా అని కూడా అన్నాడు. ఆవిడ చేతిలో ఉన్న పెన్ను బల్ల మీద పెట్టింది.

"మళ్ళీ చెప్పు. మందుకి ముందు ఎనిమిదింటికి. మందు తర్వాత మూడింటికి. లేబుల్ మీద?"

"రెండింటి మీదా ఎనిమిదే రాస్తున్నారు. మా అక్క ట్యూబు మీద రాస్తుంటే చూశాను, అలవాటు కొద్దీ రాశారనుకున్నాను."

"దొంగముండాకొడుకులు," అంది ఆవిడ, ప్రిస్క్రిప్షన్ రాసినంత ప్రశాంతంగా.

తర్వాత అతనికి అర్థమయ్యేలా చెప్పింది. ఒంట్లో రక్తం రోజూ ఎక్కడో ఒకచోట చిన్న గడ్డ కడుతుంది. రోజూ కరుగుతుంది. కరిగించే పనివాడు వేరే ఉన్నాడు. ఆ పనివాడి చేతులు కట్టేసే ప్రోటీన్ ఒకటుంది. దాని అసలు పేరు మూరెడు పొడుగు, ఆవిడ దాన్ని అడ్డుపుల్ల అంటుంది. కొవ్వు అంటే మూలన పడి ఉన్న మూట కాదు, ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకుల్లో అడ్డుపుల్ల ఒకటి. ఇన్సులిన్ వచ్చి తలుపు తడితే కణాలు తెరవని ఒంట్లో, ఇన్సులిన్ పేరుకుపోతుంది, అడ్డుపుల్ల ఇంకా పెరుగుతుంది. ముఠా ఇంజెక్షన్ కొవ్వుని కరిగిస్తూ కరిగిస్తూ ఆ అడ్డుపుల్లని ఒక్కసారిగా రక్తంలోకి తోస్తోందని ఆవిడ అనుమానం.

"అనుమానమైతే రిపోర్టుల్లో తగ్గినట్టు ఎలా ఉంది డాక్టరమ్మా?"

"అడ్డుపుల్లకి టైము పట్టింపు ఉందయ్యా. తెల్లవారుజామున ఎక్కువ, ఎనిమిదింటికి ఇంకా ఎక్కువే. మధ్యాహ్నానికి సగానికి పైగా దానంతటదే పడిపోతుంది. మందు వెయ్యకపోయినా పడిపోతుంది. పొద్దుటి లెక్క పక్కన మధ్యాహ్నం లెక్క పెట్టి, రెండూ పొద్దుటివే అన్నారు. పెరిగింది కూడా తగ్గినట్టు కనిపించింది."

మరి రుజువు? టైము లేబుల్ మీద మాత్రమే ఉంటుంది, లేబుల్ అబద్ధం చెబుతోంది. అప్పుడు ఆవిడ నవ్వింది. మర్యాద చేసి చెడ్డారు వెధవలు అంది. కడుపునిండా కొవ్వు తిన్న రెండు గంటలకి రక్తం తీసి తిప్పితే పైన తేలే ప్లాస్మా పాలలా ఉంటుంది. ఇన్సులిన్ మాట వినని ఒంట్లో అయితే మరీను. పరగడుపు ప్లాస్మా తేటగా, లేత పసుపు. వాళ్ళు ఫ్రీజర్లో దాచేది ఆ ప్లాస్మానే, ట్యూబు కరిగించి వెలుతురుకి పడితే చాలు. మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు.

"తీసుకురా," అంది.

మర్నాడు నెమలి శాంపిల్ గది కార్డు అతనికి అరనిమిషం అరువిచ్చింది. అందినవి మూడు ట్యూబులు. గేదెల పక్కన వాటిని కరిగించారు. రెండు పాలు. మూడోది తేట. దాని మీద వాలంటీర్ నంబరు లేదు, "స్టాఫ్ 02" అని ఉంది. ఎవరో ఉద్యోగి తన సరదా కొద్దీ మందు వేసుకుంటూ, పొద్దున్నే పనిలోకొచ్చి పరగడుపున ఇచ్చిన రక్తం. ట్రయల్ మొత్తంలో మందు తర్వాత నిజంగా ఎనిమిదింటికి తీసిన రక్తం ఆ ఒక్కటే. పెద్ద డాక్టర్ దాన్ని కొలిచింది. యంత్రాన్ని నమ్మక రెండోసారి కొలిచింది. ఉండాల్సినదానికి తొమ్మిది రెట్లు.

"ఈ మనిషి ఇంకా నడుస్తున్నాడా?" అంది. ఎవరో ఇద్దరికీ తెలీదు.

మూడు ట్యూబులు చాలవు. దొంగతనం చేసినవి, పాడైపోయినవి అని కమిటీ దులిపేసుకుంటుంది. ఇంకా చాలా కావాలి, అందరి కళ్ళముందూ కావాలి.

*

సంతకం రోజు దగ్గరపడింది. ముందు రోజు సాయంత్రం అక్క ఫోన్ చేసింది, గొంతులో పండగ. అందరికన్నా ఎక్కువ తగ్గిన నలభై మందిని స్టేజీ మీద కూర్చోబెడతారట. కమిటీ చైర్మన్ సంతకం పెట్టగానే కెమెరాల ముందు మొదటి లైసెన్సు ఇంజెక్షన్ తనకేనట. డోసు కూడా రెట్టింపట.

గుమాస్తా వెళ్ళొద్దన్నాడు. ఎందుకంది. చెప్పలేకపోయాడు. పిక్క నొప్పి తగ్గేదాకా ఆగమన్నాడు.

"నువ్వు తగ్గలేకపోయావని నన్ను తగ్గనివ్వవా?" అంది అక్క. "బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడేవాళ్ళురా. మొన్న ఒకాయన వచ్చి కూర్చున్నాడు. అది నీకు తెలుసా? తూకాలు చూసుకునేవాడివి, నీకేం తెలుస్తుంది."

ఫోన్ పెట్టేసింది. బస్సులో పక్కన ఒక మనిషి కూర్చున్న సంతోషాన్ని సిరంజిలో నింపి అమ్ముతున్నారు.

సంతకం పది గంటలకి. ట్రయల్ ముగిసింది గనక ఫ్రీజర్లు ఖాళీ చేసి, ట్యూబులన్నీ కాల్చడానికి తొమ్మిదిన్నరకి వ్యాన్ వస్తుంది. తొమ్మిదికి గుమాస్తా రెండు పొట్టలతో లోపలికి వెళ్ళాడు. నెమలి తలుపు తీసింది. అతను లోపలికి దూరాడు. స్టేజీ నలభై మందివి ముందే గుర్తుపెట్టుకున్న నంబర్లు. ఒక్కొక్కరివి రెండేసి ట్యూబులు. ఒక వరస చూపించడానికి, రెండో వరస కొలవడానికి. రెండోది ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని పెద్ద డాక్టర్ చెప్పే పంపింది. పొట్ట నింపి జిప్పు వేసి వెనక్కి తిరిగేసరికి తలుపు మూసుకుంది. క్లిక్.

తలుపుకి చిన్న అద్దం కిటికీ ఉంది. అవతల నెమలి. స్పీకర్ బటన్ నొక్కింది.

"సారీ గుమాస్తాగారూ. ఇవాళ నేను వాళ్ళ మనిషిని. పది నిమిషాల్లో కన్సల్టెంట్ వస్తాడు, వ్యాన్ మనుషులతో."

కన్సల్టెంట్ అంటే ముఠా నాయకుడు. కోటు జేబులో పిస్టల్ లేకుండా టాయిలెట్‌కి కూడా వెళ్ళడని విభాగం ఫైల్లో ఉంది.

గుమాస్తా అరవలేదు. తలుపు కొట్టలేదు. అద్దంలోంచి ఆవిణ్ణి చూశాడు. చూస్తే ఆవిడ సరిగ్గా నిలబడి లేదు. గోడకి ఆనుకుంది. ఎడమ కాలు నేలకి ఆనీ ఆనకుండా ఉంది. ఎత్తు మడమల చెప్పు పట్టీ ఊడదీసి ఉంది. చీలమండ కిందికి చర్మం ఉబ్బి మెరుస్తోంది. మెడలో వేలాడే బ్యాడ్జి మీద చిన్న అక్షరాలు. అతను కళ్ళు చికిలించి చదివాడు.

"స్టాఫ్ సున్నా రెండు," అన్నాడు.

"ఏంటి?"

"నువ్వూ వేసుకుంటున్నావా?"

ఆవిడ బ్యాడ్జి తిప్పేసుకుంది. తర్వాత, నాలుగు కిలోలకే, అంది. ఒక ఫంక్షన్ ఉందట.

"టైములు మార్చమన్నది ఎవరు?"

"కన్సల్టెంట్. ఎందుకో చెప్పలేదు. నేనడగలేదు."

"భోజనం?"

"అది నేనే పెట్టించాను. ఆకలేస్తే వాళ్ళు రారు గదా," అంది, పశువుల గురించి చెప్పినట్టు.

ముప్పై ఒక్కమంది సంగతి తెలియదా అని అడిగాడు. తెలుసట. కాని వాళ్ళు లావు మనుషులు గదా, ఎలాగూ పోయేవాళ్ళే అనుకుందట. అంత అందమైన నోట్లోంచి ఆ మాట వచ్చింది. గుమాస్తా మాట అణుచుకున్నాడు, ఎందుకంటే టైము లేదు.

"నీ రక్తం మేం కొలిచాం. మొత్తం ట్రయల్లో నిజమైన లెక్క నీది ఒక్కటే. తొమ్మిది రెట్లు. ఆ కాలు ఎన్నాళ్ళనుంచి?"

"నాలుగు రోజులు. చెప్పులు..."

"చెప్పులు కాదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

ఆవిడ ఎడమ కాలికేసి చూసుకుంది. ఇన్నాళ్ళూ ఆవిడ అసహ్యించుకున్న మనుషుల కాలు అది. స్పీకర్లోంచి లిఫ్ట్ చప్పుడు వినిపించింది. ఆవిడ కార్డు తీసింది. రెండుసార్లు తప్పింది. మూడోసారికి పచ్చ లైటు.

అతను బయటికొచ్చి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాడు. కదలొద్దన్నాడు, కాలు పిసుక్కోవద్దన్నాడు, అంబులెన్స్‌కి ఫోన్ చేసి అవతల తలుపులోంచి మెట్ల మీదికి దూకాడు. దూకడం అని మర్యాదకి రాశాను. దిగాడు.

*

క్లినిక్ కింది హాల్లో చైర్మన్ ఉపన్యాసం చివరికొచ్చింది. దేశం తేలికపడబోతోందని చెప్పి తనే చప్పట్లు కొట్టుకున్నాడు. స్టేజీ మీద రెండు వరసల్లో నలభై మంది. మొదటి కుర్చీలో అక్క, జాకెట్టు చెయ్యి భుజం దాకా మడిచి ఉంది. పక్కన నర్సు, సిరంజి. కన్సల్టెంట్ మనుషులు మేడ మీద ఫ్రీజర్లో ఖాళీ అరలు చూసుకుని కిందికి పరిగెడుతున్నారు.

గుమాస్తా స్టేజీ ఎక్కి చొక్కా ఎత్తి పొట్ట జిప్పు తీశాడు. ముందు వరసలో ఎవరో కెవ్వుమన్నారు. పొట్టలోంచి తెల్లని పొగ వచ్చింది.

"ఏం చేస్తున్నావురా?" అంది అక్క.

"ఉద్యోగం."

గడ్డకట్టిన ట్యూబు చూస్తే ఏదైనా తెల్లగానే ఉంటుంది. కరగాలి. కరగడానికి నాలుగు నిమిషాలు కావాలి. చైర్మన్ పెన్ను మూత తీసేశాడు. గుమాస్తా నలభై ట్యూబులూ నంబరు చూసి ఎవరివి వాళ్ళకి పంచాడు. మీ రక్తమే, గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టండి అన్నాడు. కన్సల్టెంట్ తలుపులోంచి వస్తూ ఇంగ్లీషులో అరిచాడు, దొంగ సొత్తు, పాడైపోయింది, పట్టుకోండి అని. చైర్మన్ భయపడి తొందరపడ్డాడు. ఆపడానికి బదులు సంతకం త్వరగా పెట్టేస్తే గొడవ తీరుతుందనుకున్నాడు. అదీ కమిటీ తెలివి. సగం పేరు రాశాడు కూడా. నర్సు దాన్నే సంజ్ఞ అనుకుని దూది రాసి, సూది అక్క చేతికి ఆనించింది.

"ఆగమ్మా," అంది అక్క.

గుప్పిట తెరిచింది. స్టేజీ లైట్ల కింద ట్యూబు ఎత్తి పట్టుకుంది. పాలు. లేబుల్ చదివింది, పైకి, మిషన్ దగ్గర కొలత చదివినట్టు.

"పదిహేడు. ఎనిమిది గంటలు. పరగడుపు." తలతిప్పి చైర్మన్‌ని చూసింది. "ఆ రోజు మీగడ స్వీటు రెండోసారి అడిగి వేయించుకున్నానండీ. మూడింటికి తీశారు. ఎనిమిదని ఎవరు రాశారు?"

ఒక్కొక్క గుప్పిటా తెరుచుకుంది. పాలు, పాలు, పాలు. నలభై మంది తమ రక్తం తామే ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. కెమెరాలు అన్నీ చూశాయి. వెనకనుంచి పెద్ద డాక్టర్, గేదెల గదిలోంచి వచ్చిన బూట్లతోనే, మైకు దగ్గరికి నడిచి రెండు వాక్యాలు చెప్పింది. ఎనిమిదింటికి తీస్తే తెలిసేది. మూడింటికి తీశారు గనక చచ్చారు.

కన్సల్టెంట్ పక్క తలుపు వైపు పరిగెత్తాడు. దారిలో వాలంటీర్లు. జీవితమంతా "కాస్త జరగండి" అని వింటూ బతికినవాళ్ళు. ఆ రోజు జరగలేదు. పిస్టల్ బయటికి తీసే చోటు కూడా అతనికి దొరకలేదు.

అక్కని ఆ పూటే ఆసుపత్రిలో చేర్చారు. పిక్కలో గడ్డ ఉంది, ఇంకా అక్కడే ఉంది, పైకి పోలేదు. మందు పెట్టారు, బతికింది. పక్క గదిలోనే నెమలి, వాంగ్మూలం ఇస్తోంది. ఇప్పుడు ఎవరి మనిషివని చీఫ్ అడిగితే, తన కాలు మనిషినందట. అక్క తమ్ముణ్ణి మంచం పక్కన చేతుల్లేని కుర్చీలో కూర్చోబెట్టుకుని ఇరవై ఏళ్ళ అబద్ధానికి అరగంట తిట్టింది. తర్వాత, నకిలీ పొట్ట తీసేశాక కూడా పెద్ద తేడా ఏమీ లేదురా అంది.

కాని కథ అయిపోలేదు, కమిటీ వారూ. మీరు ఇప్పుడు మోసపోయామంటున్నారు, విచారిస్తున్నామంటున్నారు. మీ విచారం మాకొద్దు. మందు వేసుకున్న మూడు వందల అరవై తొమ్మిది మందినీ రేపు పొద్దున పిలవండి. ఎనిమిదింటికి, పరగడుపున, నిజంగా ఎనిమిదింటికి, రక్తం తియ్యండి. పిక్క నొప్పి అన్నవాళ్ళని వెంటనే మంచం ఎక్కించండి. పెద్ద డాక్టర్ ల్యాబు తాళం చెవి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టండి, గేదెల దగ్గరికి మీరే నడిచి వెళ్ళి. తర్వాత ఆ ముప్పై ఒక్క కాగితాలూ తెప్పించండి. మరణకారణం అన్న గడిలో "అధిక బరువు" కొట్టేసి మీ ఏడుగురి పేర్లూ రాయండి. గడి చాలదంటారేమో. కాగితం తిప్పండి, వెనక్కంతా ఖాళీగానే వదిలారు.